అరవై అడుగుల ఐక్యత

బొమ్మనహళ్ళి వార్డులో ఇకమీదట ఒకడు పైన, ఒకడు కింద అనే తేడా ఉండబోదని, అందరూ కలిసి ఒక్కటైపోయే రోజు వచ్చేసిందని మునినారాయణప్ప ఒక సోమవారం పొద్దున బేకరీ ముందు నిలబడి ప్రకటించాడు. వినడానికి పత్రికలవాళ్ళంతా వచ్చారు. అంతా అంటే ఒక వారపత్రిక సంపాదకుడు, ఒక యూట్యూబ్ ఛానెల్ యజమాని, యజమానిని బండి మీద తీసుకొచ్చిన అతని బావమరిది. ముగ్గురి చేతుల్లోకీ టీ, కొబ్బరి కూరిన దిల్‌పసందు ముక్కా చేరాక మునినారాయణప్ప గొంతు సవరించుకుని మాట్లాడాడు.

ఆయన అఖండ ఐక్య పక్షానికి వార్డు కన్వీనరు. ఐక్యతే ఆ పార్టీ సిద్ధాంతం. ఇప్పటికి చాలాసార్లు చీలింది గానీ, చీలిన ఏ ముక్కా తన పేరులోంచి ఐక్యత అనే మాటను వదులుకోలేదు. జెండా వంకాయ రంగు, గుర్తు ముడి వేసిన తాడు. ఎమ్మెల్యే దొడ్డప్పగారి షష్టిపూర్తికి హోసూరు రోడ్డు సిగ్నల్ దగ్గర అరవై అడుగుల ఫ్లెక్సీ కట్టిస్తున్నాననీ, ఈ వార్డు ఐక్యత ఎలాంటిదో దేశమంతా అందులో చూసుకోవచ్చనీ మునినారాయణప్ప చెప్పాడు. వార్డులో నీళ్ళ సంగతేమిటని సంపాదకుడు అడగబోయాడు గానీ, నోట్లో దిల్‌పసందు ఉండటం వల్ల ప్రశ్న బయటికి రాలేదు.

నగరంలో ఫ్లెక్సీలు కట్టకూడదని నిషేధం ఉంది. ఆ సంగతి ప్రజలకు తెలియజేస్తూ అదే సిగ్నల్ దగ్గర ఒక ఫ్లెక్సీ కూడా ఉండేది. చట్టమంటే మునినారాయణప్పకు చాలా గౌరవం. అందుకని దాన్ని చింపకుండా జాగ్రత్తగా విప్పించి, మడత పెట్టించి, తన గుంజలు పాతించాడు.

బెంగళూరులో రాజకీయం తెలుసుకోవడానికి పేపరు తిరగెయ్యనక్కర్లేదు. సిగ్నల్ పడినప్పుడు తలెత్తి ఫ్లెక్సీలో తలలు చూస్తే చాలు. పైన గుండ్రటి బిళ్ళల్లో ఢిల్లీ పెద్దలు ఉంటారు. మధ్యలో పుట్టినరోజు నాయకుడు నిలువెత్తున ఉంటాడు. అట్టడుగున, శుభం కోరేవాళ్ళు అని రాసిన చోట, పోస్టేజీ స్టాంపులంత తలలు వరసగా ఉంటాయి. మునినారాయణప్ప ప్రజాజీవితంలోకి ఆ వరసలో చిట్టచివరి తలగా అడుగుపెట్టాడు. ప్రింటింగువాళ్ళ ఫోన్ నంబరు సరిగ్గా ఆయన మూతి మీద పడేది. చాలా ఏళ్ళపాటు వార్డు ప్రజలు ఆయన్ని మూతి లేని నాయకుడిగానే ఎరుగుదురు. తర్వాత తల పెరిగింది, మూతి వచ్చింది, ఒక ఎన్నికల్లో భుజాలు కూడా వచ్చాయి. ప్రజాసేవలో ఆయన సాధించినదంతా స్కేలు పెట్టి కొలవదగ్గది.

ఇప్పుడు మిగిలింది కార్పొరేషన్ టికెట్. కార్పొరేషన్ ఎన్నికలు ఎప్పుడూ రేపో మాపో అన్నట్టే ఉంటాయి గనుక టికెట్ ఆశ కూడా ఎప్పుడూ తాజాగానే ఉంటుంది. దొడ్డప్పగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "టికెట్ నేనిచ్చేదేముందప్పా. నా పుట్టినరోజు దినం నా పక్కన ఎవణ్ని జనం చూస్తారో వానిదే" అన్నాడు. అదే చెయ్యి ఆవులప్ప భుజం మీద కూడా వేశాడని మునినారాయణప్పకు తెలుసు. ఆవులప్ప అదే వార్డులో నీళ్ళ ట్యాంకర్లు తిప్పుతాడు, అదే టికెట్ అడుగుతాడు. వార్డులో నీళ్ళు రాకపోవడం వల్ల బాగుపడినవాడు అతనొక్కడే, అందుకని అతనికి ప్రజాదరణ ఎక్కువ. దొడ్డప్పగారి పక్కన అతని తల పడిందంటే తన బతుకు మళ్ళీ స్టాంపు వరసలోకేనని మునినారాయణప్పకు నిద్ర పట్టేది కాదు.

భార్య బాలమ్మకు ఇవేవీ పట్టలేదు. ఇంటి ముందు మురుగు మోరీ పొంగుతోందనీ, అరవై అడుగుల గుడ్డ ఎక్కడో కట్టే బదులు దాని మీద కప్పితే వాసనైనా తగ్గుతుందనీ అంది. దూరదృష్టి లేని మాటలకు జవాబు చెప్పడం మునినారాయణప్పకు అలవాటు లేదు. చెప్పులు వేసుకుని, మోరీని ఒక్క అంగలో దాటి, ఫ్లెక్సీ షాపుకు బయలుదేరాడు.

షాపు గార్మెంట్ యూనిట్ల సందులో ఉంటుంది. అక్కడ డిజైన్ చేసే రేణుకది మడకశిర వైపు. ఈ నియోజకవర్గంలో అన్ని పార్టీల నాయకుల తలలూ కోసేది ఆమే. ఆమెకు రాజకీయాల మీద అభిప్రాయాలు లేవు, తల కింద కాలరు సరిగ్గా అతుక్కుంటే చాలు. ఒళ్ళు మాత్రం అందరికీ ఒకటే వాడేది. తెల్లచొక్కా, ఎత్తిన చెయ్యి, చేతికి గడియారం. ఆ ఒళ్ళు అసలు ఎవరిదో షాపులో ఎవరికీ తెలియదు. అధికార పక్షమూ ప్రతిపక్షమూ ఎన్నాళ్ళుగానో ఆ ఒక్క ఒంటి మీదే బతుకుతున్నాయి.

మునినారాయణప్ప వెళ్ళేసరికి ఫ్లెక్సీ తెర మీద సిద్ధంగా ఉంది. వంకాయ రంగు ఆకాశం కింద దొడ్డప్పగారు, ఆయన చేతిలో చెయ్యి కలిపి పైకెత్తిన మునినారాయణప్ప. ఆ చేతులు చూసి ఆయనకు కళ్ళు చెమర్చాయి. పక్కన నిలువుగా పేర్ల పట్టీ ఒకటి ఉంది, ప్రతి పేరుకూ ఒక కన్ను బొమ్మ ఉంది. అదేమిటని అడిగాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క లేయరనీ, అద్దం మీద అద్దం పేర్చినట్టు ఒకరి మీద ఒకరు ఉంటారనీ, కన్ను మూస్తే ఆ మనిషి మాయమవుతాడనీ రేణుక చెప్పింది. చూపించడానికి యువజన విభాగం అధ్యక్షుడి కన్ను మూసింది. అతను పోయాడు. అతనున్న చోట వంకాయ రంగు ప్రశాంతంగా మిగిలింది.

మునినారాయణప్ప కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఒకసారి మౌస్ ఇమ్మన్నాడు. మహిళా విభాగాన్ని మూశాడు, తెరిచాడు. బూత్ కమిటీని మొత్తం మూసి కాసేపు అలాగే ఉంచాడు. ఊపు మీద పొరపాటున ఢిల్లీ పెద్దాయన కన్ను మూసి, గబగబా తెరిచి, తెరకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇన్నేళ్ళ రాజకీయాల్లో ఆయనకు ఇంత అధికారం ఎన్నడూ దొరకలేదు. టీ తాగి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇక తను కాలరు సరిచెయ్యాలని రేణుక మౌస్ తీసుకుంది. మునినారాయణప్ప లేయరు కన్ను మూసింది. మునినారాయణప్ప మాయమయ్యాడు. ఆయన ఉన్న చోటే, అదే తెల్లచొక్కాలో, అదే గడియారం పెట్టుకుని, దొడ్డప్పగారి చెయ్యి పట్టుకుని ఆవులప్ప నవ్వుతున్నాడు.

"ఈడెందుకుండాడమ్మా ఈడ?" అన్నాడు మునినారాయణప్ప.

"పొద్దున వచ్చిండెనన్నా. దొడ్డప్పగారి పక్కన నన్ను పెట్టమ్మా అని చెప్పి పోయె. మీరొచ్చి అదే చోటు చెప్తిరి. ఒళ్ళొకటే కదా, రెండు ఫైళ్ళెందుకని ఆయన కన్ను మూసి మిమ్మల్ని పైన పెట్టినా. మళ్ళా ఆయనొస్తే మిమ్మల్ని మూస్తా. ఎవరూ బాధ పడేపని లేదు."

మునినారాయణప్ప బాధ పడ్డాడు. భయపడ్డాడు కూడా. ఇన్నేళ్ళ సేవ, ఎక్కిన వేదికలు, మోసిన దండలు, అన్నీ ఒక కన్ను బొమ్మ మీద ఆధారపడి ఉన్నాయని తెలిసినవాడు భయపడక ఏం చేస్తాడు. ఎవరూ ఎవర్నీ మూయడానికి వీల్లేకుండా ఏదైనా దారి ఉందా అని అడిగాడు. లేయర్లన్నీ కలిపి ఒకటి చేసెయ్యొచ్చనీ, దాన్ని మెర్జ్ అంటారనీ, అప్పుడు అందరూ ఒకే బొమ్మలో అతుక్కుపోతారనీ, ఒకర్ని తియ్యడం గానీ జరపడం గానీ కుదరదనీ రేణుక చెప్పింది.

"కానీ మళ్ళా ఏం మార్చేదానికీ కాదన్నా. అందుకే పార్టీవాళ్ళవి మేము మెర్జ్ చెయ్యం. పెండ్లి పత్రికలకైతే చేస్తాం" అంది.

"మార్చేదేముందమ్మా? దొడ్డప్ప సాహెబ్రు మారతారా? పార్టీ మారతాదా? నేను మారతానా?"

రేణుక ఆ షాపులో చాలా కాలంగా పనిచేస్తోంది. అందుకని తెర వైపు తిరిగింది.

ఆవులప్పను దొడ్డప్పగారి పక్కనుంచి తీయించి, స్టాంపు వరసలో చివరన పెట్టించి, మూతి మీద ఫోన్ నంబరు వేయించాక మునినారాయణప్ప మెర్జ్ చెయ్యమన్నాడు. పట్టీలో ఉన్న పేర్లన్నీ పోయి ఒక్కటే మిగిలింది. అది చూసి ఆయన పరవశించిపోయాడు. తర్వాత పాత ఫైలు తీసెయ్యమన్నాడు. తన ఫోటో కూడా వేరేగా ఉండకూడదు, ఎవడైనా దాన్ని ఎక్కడికైనా జరపగలడు, అందుకని అదీ తీసేయించాడు. చెత్తబుట్టలో కూడా లేదని కళ్ళారా చూసుకున్నాడు. మిగిలిన ఒక్క ఫైలునూ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, తాడు కట్టి, మెళ్ళో తాయెత్తు పక్కన వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి మెర్జ్ అనేది వార్డులో ఒక సిద్ధాంతమైంది. ఇతర పార్టీల్లో లేయర్లు ఉన్నాయనీ, కన్ను మూస్తే మాయమయ్యే నాయకులు ఉన్నారనీ, ఐక్య పక్షంలో మాత్రం ఎవర్నీ ఎవరి నుంచీ విడదీయలేరనీ మునినారాయణప్ప మూడు కాలనీల్లో ఉపన్యాసాలు ఇచ్చాడు. అపార్ట్‌మెంట్లవాళ్ళు కూడా ఆసక్తిగా విన్నారు, ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా తల ఊపారు. కుందలహళ్ళి ఆఫీసులో ఇదే డిజైన్ ఉద్యోగం చేసే అక్క కొడుకు చైతు మాత్రం ఫోన్ చేసి, అలా ఎవరూ చెయ్యరు మామా, లేయర్లున్న కాపీ ఒకటి దాచుకోవాలి అన్నాడు. దాచుకునేవాళ్ళు ఉద్యోగాలే చేస్తారు, నాయకులు కాలేరని మునినారాయణప్ప ఫోన్ పెట్టేశాడు.

పుట్టినరోజున ఫ్లెక్సీ లేచింది. సిగ్నల్ దగ్గర రెండు షాపుల బోర్డులు, ఒక ఏటీఎం, ట్రాఫిక్ లైటులో ఎరుపు భాగం దాని వెనక్కి వెళ్ళిపోయాయి. దొడ్డప్పగారు కారు దిగి చాలాసేపు చూశాడు. తన బొమ్మ బాగుందన్నాడు. తర్వాత మునినారాయణప్పను పక్కకు పిలిచి, కొడుకు లలిత్ కూడా ఇక రాజకీయాల్లోకి వస్తున్నాడనీ, సాయంత్రంలోగా మనిద్దరి నడుమ వాణ్ని పెట్టించప్పా అనీ అన్నాడు. ఇద్దరి నడుమ కలిసిన చేతులున్నాయి. మునినారాయణప్ప మెళ్ళో పెన్‌డ్రైవ్ పట్టుకున్నాడు.

"కాదు సాహెబ్రే. మనం మెర్జ్ అయిపోయినాము."

కాదు అనే మాట దొడ్డప్పగారు ఆ వార్డులో వినడం అదే మొదలు. ఆయన కోప్పడలేదు, కోప్పడి ఉంటే మునినారాయణప్పకు కొంత నయంగా ఉండేది. భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలో ఆపి, ఆ చేత్తోనే జుట్టు సవరించుకుని కారెక్కాడు. ఆవులప్ప వేరేగా, మెర్జ్ చేయించకుండా కట్టిన చిన్న ఫ్లెక్సీలో మధ్యాహ్నానికే లలిత్ వెలిశాడు. రేణుకకు అది టీ చల్లారేలోగా అయ్యే పని. ఆ రాత్రి భోజనాలకు ఆవులప్పకు పిలుపొచ్చింది, మునినారాయణప్పకు రాలేదు.

పిలుపు ఎందుకు రాలేదో ఆయనకు గురువారం పొద్దున తెలిసింది. బేకరీలో టీ తాగుతుంటే టీవీలో దొడ్డప్పగారు కనిపించాడు. ఐక్య పక్షంలో ఊపిరాడటం లేదనీ, ప్రజల కోరిక మేరకు శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి కొత్త నాడు పార్టీలో చేరుతున్నాననీ చెబుతున్నాడు. వెనక నిలబడిన ఆవులప్ప ప్రజల కోరికలాగా తల ఊపుతున్నాడు. కొత్త నాడు పార్టీ రంగు ఇటుక రంగు. చేరిక సభ మధ్యాహ్నం. సభకు వెళ్ళే రోడ్డులో ఎవరి ఇటుక రంగు ఫ్లెక్సీ ఉంటే వాళ్ళకే వేదిక మీద కుర్చీ అని బేకరీలో అందరికీ తెలుసు. బేకరీ యజమానికి కూడా ముందు రోజే తెలుసు.

మునినారాయణప్పకు క్షణం కూడా సందేహం కలగలేదు. దొడ్డప్పగారు ఎక్కడుంటే ఐక్యత అక్కడ. టీ గ్లాసు పెట్టేసి షాపుకు పరిగెత్తాడు. షాపు ముందు వరస ఉంది. ఐక్య పక్షం మొత్తం ఆ వరసలో నిలబడి ఉంది. లోపల పని చకచకా సాగుతోంది. అడుగున ఉన్న వంకాయ రంగు లేయరు తీసి ఇటుక రంగు పెట్టడం, తాడు గుర్తు తీసి జల్లెడ గుర్తు పెట్టడం, ఢిల్లీ బిళ్ళలు మార్చడం. తలలు వేటికవే ఉన్నాయి. యువజన విభాగమూ మహిళా విభాగమూ బూత్ కమిటీ పాత నవ్వులతోనే కొత్త పార్టీలోకి వెళ్ళిపోతున్నాయి.

వరస దాటి లోపలికి వెళ్ళి మెళ్ళో పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. రేణుక ఫైలు తెరిచి ఆయన వైపు చూసింది. రంగు మార్చమన్నాడు. మార్చింది. ఆకాశం ఇటుక రంగులోకి వచ్చింది, దాంతోపాటు దొడ్డప్పగారి ముఖమూ పళ్ళూ కూడా ఇటుక రంగులోకి వచ్చాయి. ఢిల్లీ పెద్దలు బట్టీలో కాలినట్టు అయ్యారు. అది వద్దు, మనుషుల్ని కత్తిరించమన్నాడు. కత్తిరించింది. జుట్ల చుట్టూ వంకాయ రంగు అంచు మిగిలిపోయింది. చేతుల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"మీ చేతిలో ఆయన వేళ్ళు నాలుగుండాయన్నా. మీ చెయ్యి కోస్తే ఆయన వేళ్ళు వస్తాయి. ఆయన్ని కోస్తే మీకు చెయ్యి ఉండదు."

"విడగొట్టేదానికి బటన్ ఏదైనా ఉండల్లా కదమ్మా."

"కలిపేదానికే బటనుండేది. మీరు పాత ఫైలన్నా ఉంచనిస్తిరా."

మళ్ళీ మొదట్నుంచి చెయ్యమని బతిమాలాడు. చేస్తానంది. కానీ ఆయన ఫోటో ఆయనే తీసేయించాడు గనుక కొత్తది కావాలి, తల కొత్తగా కొయ్యాలి, బొమ్మ కొత్తగా కట్టాలి, అది రంగు మార్చేంత పని కాదు, వరసలో వాళ్ళందరివీ అయ్యాకే కుదురుతుంది. పైగా ప్రింటింగులో ఎర్ర ఇంకు అయిపోవస్తోంది. మునినారాయణప్ప వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. తన ముందు ఉన్నవాళ్ళంతా నిన్నటిదాకా తన కింద ఉన్నవాళ్ళే. ఒక్కడూ చోటివ్వలేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

సభ మొదలయ్యే వేళకు ఎర్ర ఇంకు పూర్తిగా అయిపోయింది. కనీసం సిగ్నల్ దగ్గరున్న వంకాయ రంగు దరిద్రాన్నైనా దించేస్తే, ఫ్లెక్సీ లేకపోయినా పాత పార్టీవాడని అనరని తోచింది. కట్టేవాళ్ళకు ఫోన్ చేశాడు. వాళ్ళంతా ఇటుక రంగువి కట్టడంలో ఉన్నారు. తనే వెళ్ళి గుంజ ఎక్కి తాడు విప్పబోయాడు. ముడి బిగుసుకుపోయింది, అది పార్టీ గుర్తు కదా. ఇంతలో గాలి వచ్చి అరవై అడుగుల ఐక్యత ఒక్కసారి పొంగింది. పడిపోతానేమోనని మునినారాయణప్ప తాడును రెండు చేతులా వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వేలాడాడు. సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళు ఫోన్లు తీశారు.

సాయంత్రానికి ఆ వీడియో నగరమంతా తిరిగింది. ప్రాణం పోయినా ఫ్లెక్సీని వదలని వీరుడని యూట్యూబ్ ఛానెల్ యజమాని కింద రాశాడు. దించడానికి వచ్చిన ద్రోహుల్ని ఒంటరిగా ఎదిరించాడని వారపత్రిక రాసింది. ద్రోహులు వీడియోలో కనిపించరు, కనిపించకుండా ఉండటమే ద్రోహుల లక్షణమని సంపాదకుడు వివరించాడు.

మర్నాడు పొద్దున మునినారాయణప్ప ఇంట్లో కూర్చుని, కొత్తగా కొన్న ఇటుక రంగు శాలువా మడత విప్పుతున్నాడు. ఫ్లెక్సీ లేకపోయినా శాలువా పట్టుకుని దొడ్డప్పగారి గేటు దగ్గర నిలబడి చూద్దామని ఆయన ఆలోచన. అప్పుడు వీధిలో కార్లు ఆగాయి. ఐక్య పక్షం రాష్ట్ర అధ్యక్షుడు గురుమూర్తిగారు, వెనక కెమెరాలు. మోరీ దాటడం ఎలాగో తెలియక అందరూ అవతలే నిలబడిపోయారు. బాలమ్మ లోపల్నుంచి పాత ఫ్లెక్సీ ఒకటి తెచ్చి మోరీ మీద పరిచింది. గురుమూర్తిగారు ఢిల్లీ పెద్దల బిళ్ళలు తొక్కకుండా, స్టాంపు వరస మీద జాగ్రత్తగా అడుగులేస్తూ ఇంట్లోకి వచ్చారు.

శాలువా దాచడానికి వేళ లేక మునినారాయణప్ప దాని మీదే కూర్చున్నాడు. పెద్దవాళ్ళు వస్తే లేవనందుకు కొట్టేస్తారనుకున్నాడు గానీ, గురుమూర్తిగారే వంగి కావలించుకున్నారు. నిన్నటిదాకా ఈ నియోజకవర్గంలో మనవాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు, ఇవాళ మీరొక్కరే మిగిలారు, రోడ్డంతా వెతికితే వంకాయ రంగు మీ దగ్గరే కనబడింది అన్నారు. కెమెరాలు ముందుకొచ్చాయి. అందరూ వెళ్ళిపోతే మీరెందుకు వెళ్ళలేదని ఒక టీవీ విలేకరి అమ్మాయి అడిగింది.

మునినారాయణప్పకు షాపు ముందు వరస కళ్ళ ముందు కదిలింది. "కుదరలేదమ్మా" అన్నాడు. ఆయన ప్రజాజీవితంలో చెప్పిన నిజం అదొక్కటే.

గురుమూర్తిగారు కళ్ళు తుడుచుకున్నారు. చూడండి, మనస్సాక్షి ఒప్పుకోలేదనే సంగతిని ఎంత వినయంగా చెప్పాడో అని కెమెరాల వైపు తిరిగారు. దొడ్డప్ప ఖాళీ చేసిన ఎమ్మెల్యే సీటుకు ఉపఎన్నిక వస్తుందనీ, అఖండ ఐక్య పక్షం అభ్యర్థి మునినారాయణప్పేననీ అక్కడికక్కడే ప్రకటించారు. కార్పొరేషన్ టికెట్ కోసం నిద్ర మానుకున్న మనిషికి అసెంబ్లీ టికెట్ వచ్చి ఒళ్ళో పడింది. ఒళ్ళు తేలిపోతున్నా శాలువా మీంచి మాత్రం లేవలేదు.

సిగ్నల్ దగ్గర ఫ్లెక్సీ సంగతి చర్చకు వచ్చింది. అది ఇప్పుడు పార్టీకి చారిత్రక వస్తువు, దించకూడదు. కానీ అందులో సగం దొడ్డప్పే. చివరికి దొడ్డప్ప ఉన్న సగం మీద నల్లగుడ్డ కప్పించారు. గుడ్డలోంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చి మునినారాయణప్ప చెయ్యి పట్టుకుని పైకెత్తుతుంది. అది ప్రజల చెయ్యి అని గురుమూర్తిగారు విలేకరులకు చెప్పారు. ఇంత నికార్సైన ఫ్లెక్సీ తయారుచేసిన షాపు ఎక్కడుందో తనకు చూడాలనుందని వెళ్తూ వెళ్తూ అడ్రసు రాయించుకున్నారు.

మునినారాయణప్ప వారం పాటు విశ్వాసం గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. వర్తూరు నుంచి కూడా పిలిచి మాట్లాడించారు. ఇప్పుడాయన విశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు గొంతు వణికేది, ఆయనకే నమ్మకం కుదిరి రెండుసార్లు నిజంగానే ఏడ్చాడు. మోరీ మీద పరిచిన ఫ్లెక్సీ అలాగే ఉంది. అభ్యర్థిని చూడటానికి వచ్చేవాళ్ళంతా దాని మీదుగానే వచ్చేవాళ్ళు.

ఎన్నికల ఫ్లెక్సీ చూసుకోవడానికి ఒకనాడు మధ్యాహ్నం షాపుకు వెళ్ళాడు. తెర మీద వంకాయ రంగు ఆకాశం, ఆ తెల్లచొక్కా ఒంటి మీద మునినారాయణప్ప కొత్త తల, పక్కన చెయ్యి కలిపి పైకెత్తిన గురుమూర్తిగారు. గడియారం ఇద్దరికీ ఒకటే. తల ఎంత పెద్దదంటే మూతి ఒక్కటే పాత స్టాంపు తలలు పాతికంత ఉంది. మునినారాయణప్ప తృప్తిగా చూసుకున్నాడు.

"మెర్జ్ చేసేదాన్నా?" అంది రేణుక.

ఆయన లేచి వెళ్ళి షాపు అద్దం తలుపు దగ్గరగా వేశాడు. వీధిలోకి తొంగి చూసి వచ్చి కుర్చీ ఆమె పక్కకు లాక్కున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు, ఇద్దరికి మాత్రమే వినబడేలా. "ఎవరిది వాళ్ళకి వేరేగానే ఉండనీ. ఆ వంకాయ రంగు కింద ఇటుకది కూడా ఒక లేయరు వేసి పెట్టు. కన్ను మూసి ఉంచు. ఎందుకన్నా మంచిది."

"అది ఉండాదన్నా."

"ఎవరు పెట్టిరి?"

"గురుమూర్తిగారు. పొద్దున వచ్చిండిరి."

ఆమె వంకాయ రంగు కన్ను మూసింది. ఇటుక రంగు ఆకాశం కింద ఇద్దరూ చేతులు కలిపి అలాగే నవ్వుతున్నారు. మునినారాయణప్ప ముందుకు వంగి కాసేపు చూశాడు.

"నా కాలరు కొంచెం కిందికి లాగమ్మా" అన్నాడు.